ఒక వారం అటూ ఇటూ

జూన్ 3, బుధవారం

పెద్దమ్మకి,

ఇవాళ పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం తలుపు తీసి వంగితే, ప్యాకెట్టు ఉండాల్సిన చోట బాబాయి ఉన్నాడు. పెట్టె మీద కూర్చుని, ప్యాకెట్టు ఒళ్ళో పెట్టుకుని, కునుకు తీస్తున్నాడు. మెట్ల మీద పిన్ని నిలబడి ఉంది. కొత్త బట్టలు, కొత్త చెప్పులు, మొహంలో కొట్టొచ్చినట్టు కంగారు.

"హమ్మయ్య, ఇంకా ఇంట్లోనే ఉన్నావా! ఆలస్యమైపోతుందేమోనని మీ బాబాయి దారంతా గింజుకుపోయాడు. ఏదీ, ఆ నల్లకోటు వేసుకో, ఎలా ఉన్నావో చూస్తాను" అంది.

"దేనికి ఆలస్యం పిన్నీ?"

"అదేం ప్రశ్నే? నీకు పట్టా ఇచ్చేది ఎల్లుండేగా! అయిదో తారీఖని మీ పెద్దమ్మే చెప్పింది."

పెద్దమ్మా, నా స్నాతకోత్సవం ఈ నెల ఇరవయ్యారున! (స్నాతకోత్సవం! ఈ మాట ఎంత బాగుందో చూడు, పలికితే నోరంతా నిండిపోతుంది.) ఇంకా మూడు వారాలుంది. నా ప్రాజెక్టు రిపోర్టు సగం కూడా కాలేదు. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి పరుపుల దుకాణంలో ఉద్యోగం, మిగిలిన టైములో రిపోర్టు. గది ఎంతుంటుందో నీకు తెలుసుగా, నేను చెయ్యి చాపితే గోడ, కాలు చాపితే తలుపు. ఇప్పుడు గోడకీ తలుపుకీ మధ్య బాబాయి, పిన్ని, వాళ్ళ పెట్టె, నేను. నేను రాత్రి కుర్చీలో పడుకోవాలి. పగలేమో పదహారు రకాల పరుపుల మధ్య నిలబడి "పడుకుని చూడండి సార్" అని అందరికీ చెప్పాలి.

ఇంతకీ అయిదో తారీఖని వాళ్ళతో ఎందుకు చెప్పావు?

అసలు నాకు కావలసింది నువ్వు. అమ్మానాన్నలు పోయాక మిషను తొక్కి నన్ను చదివించింది నువ్వు. అక్కడ నా పేరు పిలిచినప్పుడు హాల్లో నువ్వు లేకపోతే నాకది ఉత్త కాగితమే. ఇరవై అయిదో తారీఖు సాయంత్రానికల్లా వచ్చెయ్.

నీ వాగుడుకాయ

తా.క.: పిన్ని ఇప్పుడే నా రిపోర్టు కాగితాలు సర్దింది. పేజీల వరస ప్రకారం కాదు, మాసినవి కిందా తెల్లగా ఉన్నవి పైనా.


జూన్ 6, శనివారం

ఒసే వాగుడుకాయా,

నీ ఉత్తరం అందింది. ఒక చేతిలో కత్తెర ఉండగా చదివాను, అందుకని మొదటి పేజీ అంచు కాస్త తెగింది. పోయింది నీ నవ్వులే, విషయం కాదు.

మరిదికి అయిదో తారీఖని చెప్పింది నేనే. మీ బాబాయి సంగతి నీకేం తెలుసు? తన పెళ్ళికి తనే ఆలస్యంగా వచ్చిన మనిషి. ఆయన వచ్చేసరికి మీ పిన్ని భోజనం కూడా చేసేసింది. అలాంటివాడికి మూడు వారాలు ముందు చెబితే సరిగ్గా ఆ రోజుకి వస్తాడని లెక్కేశాను. ఈ ఒక్కసారి బుద్ధిగా బయల్దేరతాడని కలగన్నానా?

ఇందులో నా తప్పేమీ లేదు. దర్జీ పనంటేనే ఇది. దుకాణానికి వచ్చినవాళ్ళెవరూ నాకు నిజం తేదీ చెప్పరు. పెళ్ళి నెలాఖరున ఉంటుంది, "ఇరవై మూడుకల్లా కావాలమ్మా, ప్రాణం పోతోంది" అంటారు. నేను విని, తలూపి, మనసులో ఓ వారం కలుపుకుంటాను. వాళ్ళు ఓ వారం కోస్తారు, నేను ఓ వారం అతుకుతాను. మొత్తానికి పెళ్ళినాటికి బట్టలు ఒంటి మీదుంటాయి. ఎవరూ ఎవరినీ మోసం చేసినట్టు కాదు.

కాబట్టి నువ్వు ఇరవయ్యారు అన్నావంటే అది జూలై మూడన్నమాట. అర్థమైంది. రెండో తారీఖున దుకాణం మూస్తానని అందరికీ చెప్పేశాను. నిశ్చింతగా చదువుకో.

నువ్వు రాసిన ఆ పెద్ద మాట నాకు నోరు తిరగలేదు. నేను "కోటు రోజు" అంటాను. ఆ కోట్లు కాలేజీవాళ్ళే ఇస్తారా, అద్దెకి తేవాలా? ఎవడు కుట్టాడో ఏమో, భుజాలు చూసుకుని తీసుకో.

పెద్దమ్మ

తా.క.: ఇన్నేళ్ళలో నాకు నిజం తేదీ చెప్పిన మనిషి ఒక్కడే. ఆయన పెళ్ళి దాటిపోయాక తయారైన ప్యాంటూ కోటూ ఇప్పటికీ నా బీరువాలోనే ఉన్నాయి.


జూన్ 9, మంగళవారం

పెద్దమ్మకి,

నేను నీ కస్టమర్ని కాదు! ఇరవయ్యారంటే ఇరవయ్యారే! ఒట్టు. కలపడానికీ తియ్యడానికీ ఏమీ లేదు, ఒట్టు. జూలై మూడున నువ్వు వస్తే ఖాళీ కుర్చీలు చూసి వెళ్ళాలి. ఇంకోసారి ఒట్టు.

ఇక్కడ సంగతులు వింటే నువ్వు నవ్వుతావు, నాకు మాత్రం నవ్వు రావట్లేదు. "వచ్చాం కదా, చూసే వెళ్తాం" అని బాబాయి వాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. పిన్ని రోజూ నాతో ఊరు చూడాలంటుంది. శనివారం కంటి డాక్టరు, నిన్న చెప్పుల కొట్టు, చెప్పులు కరిచాయని ఇవాళ మళ్ళీ అదే కొట్టు. ఈ తిరుగుళ్ళతో ఆఖరి క్లాసులన్నీ ఎగ్గొడుతున్నాను.

నిన్న మధ్యాహ్నం బాబాయి మా దుకాణానికొచ్చాడు. "మా అమ్మాయి ఏం అమ్ముతోందో చూద్దామని" అంటూ అద్దాల కిటికీ పక్కనున్న పరుపు మీద ఒరిగాడు. అంతే. అయిదు నిమిషాల్లో గురక. వీధిలో పోయేవాళ్ళు ఆగి అద్దానికి ముక్కు ఆనించి చూడటం మొదలుపెట్టారు. నేను సిగ్గుతో చచ్చిపోయి లేపబోతే మేనేజరు నా చెయ్యి పట్టుకున్నాడు.

"లేపావంటే ఊరుకోను. ఆ పరుపు మూణ్ణెల్లుగా ఒక్కటి పోలేదు, ఇప్పుడు నాలుగు పోయాయి. ఎవరాయన?"

"మా బాబాయండీ."

"రేపు కూడా నిద్రొస్తుందేమో అడుగు."

ఇప్పుడు బాబాయికి ఉద్యోగం వచ్చింది పెద్దమ్మా. మూడేళ్ళు వ్యాపార శాస్త్రం చదివి నేను అమ్మలేనిది ఆయన కళ్ళు మూసుకుని అమ్మేస్తున్నాడు. జనం పెరిగేసరికి నాకు పొద్దున డ్యూటీ కూడా వేశారు. ఒక్క ఇరవయ్యారున మాత్రం సెలవిస్తానన్నాడు మేనేజరు, అదీ బతిమాలితే.

ఒక్క మంచి సంగతి. నా రిపోర్టు చిన్న దుకాణాలు గడువులు ఎలా చెబుతాయన్నదాని మీదేగా. నీ ఉత్తరంలో "వాళ్ళు ఓ వారం కోస్తారు, నేను ఓ వారం అతుకుతాను" అన్న మాట ఉన్నదున్నట్టు అందులో పెట్టేశాను. దాని కింద నేనో సలహా కూడా రాశాను: ముఖ్యమైన పని ఏదైనా సరే, అనుకున్న తేదీకి వారం ముందే పెట్టుకుంటే, ఏ అడ్డంకి వచ్చినా చేతిలో ఓ వారం మిగిలి ఉంటుందని. బాగుంది కదూ?

నీ వాగుడుకాయ

తా.క.: నిద్రలో బాబాయి అటు తిరిగితే అమ్మకాలు తగ్గుతున్నాయట. మొహం కనబడేలా పడుకోమని చెప్పే బాధ్యత నాకిచ్చారు.


జూన్ 11, గురువారం

అమ్మడూ,

నీ ఉత్తరంలో ఒట్టు అన్న మాట మూడుసార్లు ఉంది. నేను లెక్కపెట్టాను, పక్క మిషను అమ్మాయి కూడా లెక్కపెట్టింది. నా దుకాణంలో ఊరికే తేదీ చెప్పినవాళ్ళకి ఓ వారం కలుపుతాను. ఒట్టేసి చెప్పినవాళ్ళకి రెండు. ఒట్టేశాడంటేనే వాడికి తొందరేమీ లేదని అర్థం. నిజంగా తొందరున్నవాడు ఒట్లు వెయ్యడు, గుడ్డ బల్ల మీద పడేసి గుమ్మంలో కూర్చుంటాడు.

ఆ లెక్కన నీ కోటు రోజు జూలై పదికి పోయింది. పిల్లా, అసలు నీకు కోటు రోజంటూ ఒకటుందా? పరీక్ష ఏదైనా తప్పి ఇలా జరుపుకుంటూ పోతున్నావా? తప్పితే చెప్పు, నేనేమీ అనను. పొరపాటు కుట్టు పడితే విప్పి మళ్ళీ వేస్తాం, గుడ్డని పారెయ్యంగా.

పోనీ ఇంకోటేదైనా ఉందా? మెడలో టేపు, వేలికి సూది గుచ్చుకోకుండా అంగుస్తానా, జుట్టులో దారప్పోగులు వేసుకుని నేనక్కడికొస్తే నీ స్నేహితుల ముందు నామోషీ అని, తేదీ సరిగ్గా చెప్పడం లేదా? అలా అయితే నేను చివరి వరసలో కూర్చుంటాలే. ఎవరి తాలూకు అని అడిగితే కోట్లు సరిచెయ్యడానికొచ్చానని చెబుతాను.

నిజం చెప్పు. నాకిక్కడ చెయ్యి సాగడం లేదు. నిన్న ఒకాయన చొక్కాకి కాజాలు రెండువైపులా కుట్టేశాను. ఇప్పుడు గుండీలు ఎక్కడ పెట్టాలో తెలీక చొక్కా వైపే చూస్తూ కూర్చున్నాను.

పెద్దమ్మ

తా.క.: నా మరిదికి నిద్రపోతే జీతమా! మీ పిన్నికి చెప్పు, ఇన్నేళ్ళ బాకీ అడగమని.


జూన్ 13, శనివారం

పెద్దమ్మకి,

నువ్వు చివరి వరసలో కూర్చుంటే నేనూ వచ్చి చివరి వరసలోనే కూర్చుంటాను. పట్టా ఇచ్చేవాళ్ళే అక్కడికి రావాలి. టేపు మెడలో వేసుకునే రా. నామోషీట! ఇంకోసారి ఆ మాట రాశావంటే నీ ఉత్తరం నీకే తిప్పి పంపుతాను. పరీక్షలన్నీ పాసయ్యాను.

ఇక అసలు సంగతి. తేదీ ముందుకు జరిగింది. స్నాతకోత్సవం పంతొమ్మిదో తారీఖున. శుక్రవారం. ఈసారి ఒట్టూ గిట్టూ ఏమీ లేదు. పంతొమ్మిది, అంతే. దీనికి నువ్వేం కలుపుకుంటావో, ఎప్పుడు బయల్దేరతావో నీ ఇష్టం. నీ పద్ధతి నువ్వు మానుకోమని నేను అడగను.

రిపోర్టు నిన్నటితో గడువు. దుకాణం నుంచి కదలనివ్వకపోతే బాబాయి చేత కాలేజీకి పంపించాను. మా మేడం చేతికే ఇచ్చి వచ్చానన్నాడు. మా మేడం అంటే చెప్పానుగా, మాకు పాఠం చెప్పేదీ ఆవిడే, ఈ స్నాతకోత్సవం ఏర్పాట్లు చూసేదీ ఆవిడే. "ఏమన్నారు బాబాయీ?" అంటే, "ఏదో అంది. నాకు నిద్ర టైమైంది" అన్నాడు.

నీ వాగుడుకాయ

తా.క.: ఆ చొక్కా ఆయనతో ఇది కొత్త ఫ్యాషనని చెప్పు. ఏ వైపు నుంచైనా విప్పుకోవచ్చు.


జూన్ 15, సోమవారం

అమ్మడూ,

నా ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను.

మీ పిన్ని నాకొక కార్డు రాసింది. నా ఉత్తరం చదివి నువ్వు కుర్చీలో కూర్చుని ఏడ్చావట. ఏమైందని అడిగితే, "లోకమంతా చెప్పింది నమ్మకపోయినా ఫరవాలేదు పిన్నీ, పెద్దమ్మ నమ్మకపోతే ఎలా?" అన్నావట. అది చదివి మిషను ఆపేశాను. పక్క మిషను అమ్మాయి కరెంటు పోయిందనుకుంది.

నువ్వు చిన్నప్పుడు, "పెద్దమ్మా, రేపు బడికి పసుపుపచ్చ గౌను కావాలి" అని ఒక్కసారి చెప్పేదానివి. నేను తెల్లారేసరికి కుట్టేదాన్ని. అప్పుడు వారం కలిపానా? లేదు కదా. మరి ఇప్పుడు నీ దగ్గర కస్టమరు లెక్కలెందుకు వేశానో నాకే తెలీడం లేదు. ఈ వృత్తి చేసి చేసి చెవుల్లోకి కూడా టేపు దూరిపోయినట్టుంది.

సరే. ఇవాళ్టి నుంచి నువ్వు ఏ తేదీ చెబితే అదే తేదీ. కలపను, తియ్యను. ఇరవయ్యారన్నావు, ఇరవై అయిదు సాయంత్రానికి నీ గుమ్మంలో ఉంటాను.

పెద్దమ్మ

తా.క.: ఇలా చెప్పింది చెప్పినట్టు నమ్మడం అలవాటు లేదేమో, పొద్దుట్నుంచి నాలుగుసార్లు క్యాలెండరు చూసుకున్నాను.


జూన్ 17, బుధవారం

పెద్దమ్మా,

కొంప మునిగింది! నేను పదమూడున రాసింది నమ్మకు!

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇకమీద చెప్పింది చెప్పినట్టు నమ్ముతానన్నావు. మరి పంతొమ్మిది అని రాసింది అబద్ధం! నేను పంతొమ్మిది అంటే నువ్వెలాగూ ఓ వారం కలుపుకుని సరిగ్గా ఇరవయ్యారుకి వస్తావని అలా రాశాను. ఒట్టు వేస్తే రెండు వారాలు కలుపుతావని ఒట్టు కూడా వెయ్యలేదు. అంత జాగ్రత్తగా ఆడిన అబద్ధాన్ని నువ్వు నమ్మేస్తే నేనేమైపోవాలి?

నువ్వు వారం ముందే వచ్చేస్తావు. ఎప్పుడూ లేంది నన్ను నమ్మి, వచ్చి, ఖాళీ హాలు చూస్తావు. ఇక జన్మలో నా మాట నమ్మవు. దుకాణం వదిలి ఎక్కువ రోజులు ఉండలేక వెనక్కి వెళ్ళిపోతావు. తీరా నా పేరు పిలిచేనాటికి నువ్వు ఉండవు. ఇదంతా తలుచుకుంటే నాకు ఎటు చూసినా తేదీలే కనబడుతున్నాయి. ఇవాళ ఒకావిడ పరుపు వెడల్పెంత అని అడిగితే ఇరవయ్యారు అన్నాను.

ఇరవయ్యారు! ఇరవయ్యారు! పంతొమ్మిది కాదు! ఈ ఉత్తరం నీకు అందేదాకా దయచేసి నన్ను నమ్మకు. అందాక నమ్ము.

రేపు నన్ను వ్యానులో ఊరవతల గోదాముకి పంపుతున్నారు, వచ్చేసరికి బాగా పొద్దుపోతుంది. కాలేజీ గుమ్మం తొక్కి వారం దాటింది. కనీసం ఈ ఉత్తరమైనా టపాలో త్వరగా వెయ్యాలి.

నీ వాగుడుకాయ

తా.క.: సలహా అడుగుదామని బాబాయి దగ్గరికి వెళ్ళాను. "చూడమ్మాయ్, అయిదో తారీఖు తర్వాత నేను తేదీలు వినడం మానేశాను" అని అటు తిరిగి పడుకున్నాడు. అమ్మకాలు తగ్గాయి.


జూన్ 18, గురువారం
నీ గదిలో, నీ బల్ల మీద

ఒసే వాగుడుకాయా,

ఈ ఉత్తరం నీ దిండు మీద పెట్టి వెళ్తున్నాను. రాగానే కూర్చుని చదువు. నిలబడి చదవకు.

పంతొమ్మిది అని నువ్వు రాసిన ఉత్తరం మొన్న అందింది. వేళ్ళు వాటంతటవే ఏడు లెక్కపెట్టబోయాయి. పిడికిలి బిగించి ఆపుకున్నాను. చెప్పింది చెప్పినట్టు నమ్ముతానని మాటిచ్చాను కదా! దుకాణం మూసి, బస్సెక్కి, ఇవాళ పొద్దున దిగాను. ఆ తర్వాత నువ్వేదైనా రాసి ఉంటే అది అక్కడ తాళం వేసిన తలుపు కింద పడి ఉంటుంది.

తలుపు తీసి మీ పిన్ని నన్ను చూసి, "అక్కా, ఇప్పుడొచ్చావేంటి? ఇరవయ్యారు కదా!" అంది. నా ప్రాణం ఉసూరుమంది. ఇవాళ కిటికీ అద్దాలు కడుగుతారని నిద్రకి సెలవట, నా మరిది ఇంట్లోనే ఉన్నాడు. "పంతొమ్మిదని రాసింది కదయ్యా" అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "ఆ కాలేజీ మేడం కూడా మొన్న వీధిలో నన్ను ఆపి అదే అంది. పంతొమ్మిదికి జరిపాం, అమ్మాయికి చెప్పండి అని. మీరంతా కూడబలుక్కుని మళ్ళీ నన్ను ఆడిస్తున్నారనుకుని ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

నాకు తల తిరిగింది. ఎవరు నిజం, ఎవరు అబద్ధం, ఎవరికి ఎవరు ఎంత కలిపారు? ఇక లాభం లేదని మీ కాలేజీకి నేనే వెళ్ళాను. మీ మేడం హాల్లో కుర్చీలు వేయిస్తోంది. నా మెడలో టేపు చూడగానే, "మీరేనా ఓ వారం అతికేది!" అని రెండు చేతులూ పట్టుకుంది. నీ రిపోర్టు అందరికంటే ముందు చదివిందట. అందులో నువ్వు ముఖ్యమైన పని వారం ముందే పెట్టుకోవాలని రాశావుగా. ఆవిడకి అది తెగ నచ్చేసి, కాలేజీ పెద్దలందరి చేతా ఔననిపించి, ఇరవయ్యారుని పంతొమ్మిదికి జరిపేసిందట. క్లాసులో అందరికీ చెప్పిందట. క్లాసులో లేనిది నువ్వొక్కదానివే.

నీ సలహాతో తేదీ మారిందని ఊరంతటికీ తెలుసు, నీకు తప్ప!

అంటే నువ్వు నాకు అబద్ధం తేదీ రాశావన్నమాట. నాకు అర్థమైందిలే. ఇన్నేళ్ళుగా నేను ఎన్ని అబద్ధం తేదీలు చెప్పి ఉంటాను, ఒక్కటంటే ఒక్కటి నిజం కాలేదు. నువ్వు జన్మకో అబద్ధం ఆడావు, అదీ నిజమై కూర్చుంది. నేను పాత పద్ధతిలో ఓ వారం కలుపుకుని ఉంటే, ఇద్దరం కలిసి ఇరవయ్యారున ముస్తాబై వెళ్ళి ఖాళీ హాలు చూసేవాళ్ళం.

మీ మేనేజరు సెలవు సంగతి నా మరిది చూసుకున్నాడు. రేపు నీకు సెలవిస్తేనే శనివారం కిటికీలో నిద్రపోతాడట, లేకపోతే పరుపు మీద లేచి కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడతాడట. మేనేజరు వెంటనే ఒప్పుకున్నాడు.

నువ్వు వచ్చేసరికి నేను గదిలో ఉండను. ఆ నల్లకోట్లన్నీ ఒకే కొలత, పిల్లలేమో తలా ఒక కొలత. చూసి ఊరుకోలేక, అంచులు మడిచి ఇస్తానని మేడంతో అన్నాను. అక్కడే వాళ్ళింట్లో పడుకుంటాను. మొదట కుట్టేది నీదే. భుజాలు నాకు చూడకుండా తెలుసు.

రేపు పొద్దున తొమ్మిదికి హాల్లో మొదలు. మీ బాబాయికి ఆరని చెప్పాను. మీ పిన్నికి ఎనిమిదని చెప్పాను, చెప్పులు కరుస్తాయి కాబట్టి నెమ్మదిగా నడవాలి. నువ్వు తలస్నానం చేసి, ఏదైనా తిని, తొమ్మిదికి రా.

పెద్దమ్మ

తా.క.: నీకు చెప్పిన తొమ్మిది మాత్రం నిజం తొమ్మిది. నేను ఏడింటికే వెళ్ళి, టేపు మెడలో వేసుకునే, మొదటి వరసలో కూర్చుంటాను.